యాంటీ ఆరోమాటిక్ వలయాలు కట్టాలంటే ఏ మోడల్ కిట్ కొనాలి? నెల్లూరులో దొరికే రెండు పెట్టెల సమీక్ష

నెల్లూరులో ల్యాబ్ సామాను అమ్మే దుకాణంలో ఆర్గానిక్ మోడల్ కిట్ కావాలని అడిగితే రెండు పెట్టెలు తీసి ముందు పెడతారు. ఒకటి 450 రూపాయల చిన్న పెట్టె, రెండోది 1,150 రూపాయల ఆర్బిటాల్ పెట్టె. మీథేన్, ఈథేన్, సైక్లోహెక్సేన్ కుర్చీ రూపం, ఆర్-ఎస్ కాన్ఫిగరేషన్ వరకే అయితే చిన్న పెట్టె చాలు, దానికి వంక పెట్టక్కర్లేదు. హకెల్ నియమం దగ్గరికొచ్చేసరికే తేడా తెలుస్తుంది: చదునైన వలయం చుట్టూ తిరిగే పై (π) ఎలక్ట్రాన్లు 4ఎన్+2 (2, 6, 10) ఉంటే అది ఆరోమాటిక్, స్థిరం; 4ఎన్ (4, 8) ఉంటే యాంటీ ఆరోమాటిక్, అస్థిరం. సైక్లోబ్యూటాడయీన్, సైక్లోఆక్టాటెట్రయీన్, సైక్లోపెంటాడైయినైల్ కాటయాన్ లాంటి 4ఎన్ వలయాల్ని ఈ పెట్టెలతో కట్టి చూపించగలమా, చూపిస్తే పిల్లలకు అర్థమయ్యేది నిజమేనా అన్నదే ఇక్కడ చూస్తున్నాం. వీటికి జోడీగా చెప్పే ఆరోమాటిక్ వలయాలు సైక్లోప్రొపినైల్ కాటయాన్ (ధనావేశమున్నది), సైక్లోపెంటాడైయినైల్ ఆనయాన్ (రుణావేశమున్నది), ఏడు కార్బన్ల ట్రోపిలియం కాటయాన్ డిగ్రీ పాఠాల్లోనే వస్తాయి. కావలిలోనో ఒంగోలులోనో డిగ్రీ పాఠాలు చెప్పే లెక్చరర్లకూ, కాకుటూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే పిల్లలకూ ఇది పనికొచ్చే సంగతే.

ముందే చెప్పేస్తున్నాం: చిన్న పెట్టెతో యాంటీ ఆరోమాటిక్ పాఠం చెప్పొద్దు. అది వలయాన్ని కట్టలేక కాదు, కట్టిన వలయం చేతికి అబద్ధం చెబుతుంది కాబట్టి.

చిన్న పెట్టెలో కార్బన్ బంతులన్నీ నాలుగు రంధ్రాలవి. రంధ్రాల మధ్య కోణం 109.5 డిగ్రీలు. ఒంటి బంధానికి గట్టి పొట్టి లింకు, జంట బంధానికి వంగే పొడుగు లింకులు రెండు. సైక్లోబ్యూటాడయీన్ కట్టాలంటే నాలుగు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు, రెండు ఒంటి బంధాలకు గట్టి లింకులు రెండు, రెండు జంట బంధాలకు వంగే లింకులు నాలుగు తీసుకోవాలి. ముందు రెండు ఇథిలీన్లు విడివిడిగా కట్టి, వాటిని ఎదురెదురుగా పెట్టి గట్టి లింకులతో కలిపితే తేలిక. ఒకదాని తర్వాత ఒకటి గుచ్చుకుంటూ పోతే నాలుగో బంతి దగ్గర వలయం మూసుకోదు.

మూసుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. జంట బంధం ఉన్న కార్బన్ దగ్గర, బంధాల మధ్య కోణం ఈ పెట్టెలో దాదాపు 125 డిగ్రీలు వస్తుంది. వలయానికి కావలసింది 90. ఆ 35 డిగ్రీల తేడా అంతా గట్టి లింకు మెడ మీద పడుతుంది. మోడల్‌ను బల్ల మీద పెట్టి చూస్తే గట్టి లింకులు రంధ్రంలో ఒక పక్కకు ఒరిగి, రంధ్రం అంచు దగ్గర సన్నగా తెల్లటి గీత కనపడుతుంది. అది పగులుకు మొదటి గుర్తు. అలాగే పది నిమిషాలు వదిలేస్తే ఏదో ఒక మూల టప్పున ఊడుతుంది. చూస్తున్న పిల్లవాడు వెంటనే అనుకునేది ఒక్కటే: కోణాల ఒత్తిడి వల్ల ఈ అణువు నిలవదు. ఆ పెట్టెతో వచ్చే చిన్న పుస్తకంలో కూడా సరిగ్గా ఇదే మాట అచ్చేశారు.

అది సగం నిజం, అందులోనూ చిన్న సగం. 1999లో ఫొటోఅకౌస్టిక్ కేలరీమెట్రీతో (వెలుగు పడ్డాక పుట్టే శబ్ద తరంగంతో వేడిని లెక్కగట్టే పద్ధతి) కొలిచినప్పుడు సైక్లోబ్యూటాడయీన్ అస్థిరత్వం మొత్తం మోల్‌కు దాదాపు 87 కిలోకేలరీలు అని తేలింది. అందులో వలయపు ఒత్తిడి వాటా 32. మిగిలిన 55 ఎలక్ట్రాన్ల వల్ల వచ్చింది. అంటే చేతికి తగిలే ఒత్తిడి కంటే చేతికి తగలనిదే పెద్దది.

దీన్ని తరగతిలో నిరూపించాలంటే అదే చిన్న పెట్టెతో మూడు కార్బన్ల వలయం కట్టించండి. సైక్లోప్రొపినైల్ కాటయాన్‌కు కోణం 60 డిగ్రీలు. గట్టి లింకులతో అది మూసుకోనే మూసుకోదు. ఒంటి బంధాలకూ వంగే లింకులే వాడాలి, అవి విల్లులా బయటికి వంగిపోతాయి. చతురస్రం కంటే త్రిభుజం కట్టడానికే చెయ్యి ఎక్కువ నొప్పి పుడుతుంది. పెట్టె చెప్పే లెక్క ప్రకారం ఇది ఇంకా అస్థిరంగా ఉండాలి. కానీ అమెరికన్ రసాయన శాస్త్రవేత్త బ్రెస్లో 1957లోనే ట్రైఫినైల్ సైక్లోప్రొపినైల్ కాటయాన్ లవణాన్ని తయారుచేశాడు. ఫినైల్ గుంపులేమీ లేని అసలు కాటయాన్ కూడా 1967లో లవణంగా చేతికొచ్చింది. సైక్లోబ్యూటాడయీన్‌ను మాత్రం 8 కెల్విన్ దగ్గర గడ్డకట్టిన ఆర్గాన్‌లో బంధించి చూడాల్సి వచ్చింది. ఎక్కువ వంగిన త్రిభుజం సీసాలో నిలుస్తోంది, తక్కువ వంగిన చతురస్రం నిలవడం లేదు. ఈ రెండు మోడళ్లనూ పక్కపక్కన పెట్టి ఈ ఒక్క ప్రశ్న అడిగితే పాఠంలో సగం అయిపోయినట్టే. చిన్న పెట్టె ఇప్పటికే కొనేసినవాళ్లకు దానితో దక్కే మేలు ఇదే, దీన్ని తక్కువగా చూడక్కర్లేదు.

ఇక ఆర్బిటాల్ పెట్టె. ఇందులో నాలుగు రంధ్రాల కార్బన్లతో పాటు ఐదు రంధ్రాల కార్బన్లు కూడా ఉంటాయి: ఒకే తలంలో 120 డిగ్రీల ఎడంతో మూడు, పైన ఒకటి, కింద ఒకటి. పైనా కిందా గుచ్చడానికి చిన్న వంకాయంత లోబులు ఇస్తారు, సగం ఎరుపు, సగం నీలం. ఒక కార్బన్‌కు పైన ఎర్ర లోబు, కింద నీలం లోబు గుచ్చితే ఒక పి ఆర్బిటాల్ అయింది. తిప్పి గుచ్చితే గుర్తు మారుతుంది. జంట బంధాన్ని ఇక్కడ రెండు లింకులతో చూపించరు. సిగ్మా బంధానికి ఒక గట్టి లింకు, పై (π) బంధానికి పక్కపక్క లోబులు. ఈ ఒక్క మార్పుతో పెట్టె విలువ మారిపోయింది.

నాలుగు వలయం ఇందులోనూ సులువుగా మూసుకోదు, 120 నుంచి 90కి 30 డిగ్రీలు వంచాలి. అందుకని సిగ్మా బంధాలకు గట్టి లింకులు కాకుండా వంగే లింకులే వాడండి. పుస్తకంలో గట్టి లింకులు వాడమని ఉంది. ఆ మాట వింటే నెల తిరక్కుండా నాలుగు బంతుల రంధ్రాలు వదులైపోతాయి, మళ్లీ బెంజీన్ కట్టినా లింకులు జారిపోతుంటాయి.

వలయం మూసుకున్నాక ఎనిమిది లోబులు తీసుకుని ఇలా చేయండి. మొదట నాలుగు కార్బన్ల మీదా పైకి ఎరుపే ఉండేలా గుచ్చండి. పక్కపక్కన ఒకే రంగు ఉన్న జతల్ని లెక్కపెడితే నాలుగు. రంగు కలవని జతలు సున్నా. కలిసినవాటిలోంచి కలవనివి తీసేసి రెండుతో భాగిస్తే 2. అదే ఆ ఆర్బిటాల్ శక్తి: ఆల్ఫా ప్లస్ 2 బీటా (ఆల్ఫా అంటే ఒంటరి కార్బన్ మీద ఎలక్ట్రాన్ శక్తి, బీటా అంటే పక్క కార్బన్‌తో కలిస్తే వచ్చే లాభపు కొలత). తర్వాత ఒకటి, రెండు కార్బన్ల మీద ఎరుపు పైకి, మూడు, నాలుగు మీద నీలం పైకి పెట్టండి. కలిసే జతలు రెండు, కలవనివి రెండు. తేడా సున్నా, శక్తి ఆల్ఫానే. లాభమూ లేదు, నష్టమూ లేదు. ఇప్పుడు రెండు, మూడు మీద ఎరుపు, నాలుగు, ఒకటి మీద నీలం. మళ్లీ సున్నానే. చివరగా ఎరుపు, నీలం, ఎరుపు, నీలం. ఒక్క జతా కలవదు, మైనస్ 2 బీటా. నాలుగు ఆర్బిటాళ్లూ లెక్క పుస్తకం తెరవకుండానే బల్ల మీదే వచ్చేశాయి. నాలుగు కార్బన్ల వాటా సమానం కాబట్టి ఈ వేళ్ల లెక్క చతురస్రానికి అచ్చంగా సరిపోతుంది. ఐదు, ఆరు కార్బన్ల వలయాల్లో పై మెట్ల ఆర్బిటాళ్లకు కార్బన్ల వాటాలు వేరువేరుగా ఉంటాయి, అక్కడ దీన్ని వాడొద్దు.

ఎలక్ట్రాన్లు పెట్టెలో రావు. చింతపిక్కలు వాడండి. అష్టాచెమ్మాకు అరగదీసినట్టు ఒక వైపు తెల్లగా అరగదీసి పెట్టుకుంటే తెల్ల ముఖం పైకి ఉంటే ఒక స్పిన్, నల్ల ముఖం పైకి ఉంటే రెండో స్పిన్. ఆరు పిక్కలు చాలు, ఎనిమిది కార్బన్ల వలయానికి పది కావాలి.

వాటిని పెట్టడానికి ఒక చార్టు కావాలి. కాగితం మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. 5 సెంటీమీటర్లు ఒక బీటా అనుకోండి. వృత్తంలో బహుభుజిని ఒక మూల కచ్చితంగా కిందికి ఉండేలా గీయాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, చతురస్రాన్ని అలవాటుగా అడ్డంగా గీసేస్తారు. అప్పుడు కింద రెండు, పైన రెండు మెట్లు వచ్చి నాలుగు ఎలక్ట్రాన్లూ హాయిగా సర్దుకుంటాయి, సైక్లోబ్యూటాడయీన్ ఆరోమాటిక్ అయిపోతుంది. మూల కిందికి ఉంటే మెట్లు ఇలా వస్తాయి: త్రిభుజానికి కేంద్రం కింద 10 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, కేంద్రం పైన 5 దగ్గర రెండు. చతురస్రానికి కింద 10 దగ్గర ఒకటి, సరిగ్గా కేంద్రం గీత మీద రెండు, పైన 10 దగ్గర ఒకటి. పంచభుజికి కింద 10 దగ్గర ఒకటి, కింద 3.1 దగ్గర రెండు, పైన 8.1 దగ్గర రెండు. షడ్భుజికి కింద 10, కింద 5 దగ్గర రెండు, పైన 5 దగ్గర రెండు, పైన 10. అష్టభుజికి కింద 10, కింద 7.1 దగ్గర రెండు, కేంద్రం మీద రెండు, పైన 7.1 దగ్గర రెండు, పైన 10.

చతురస్రం చార్టు మీద నాలుగు పిక్కలు వేస్తే కింద రెండు జతగా కూర్చుంటాయి. మిగిలిన రెండూ కేంద్రం గీత మీద చెరొకటి, ఒకే ముఖం పైకి. మొత్తం పై (π) శక్తి 4 ఆల్ఫా ప్లస్ 4 బీటా. రెండు విడి ఇథిలీన్ల శక్తి కూడా అంతే. వలయం చుట్టడం వల్ల పైసా లాభం లేదు. ఇక వలయం విప్పేసి నాలుగు కార్బన్లను గొలుసుగా వదిలితే అది బ్యూటాడయీన్, దాని శక్తి 4 ఆల్ఫా ప్లస్ 4.47 బీటా. గొలుసే మేలు. యాంటీ ఆరోమాటిక్ అన్న మాటకు బ్రెస్లో ఇచ్చిన అర్థం ఇదే: వలయంగా చుట్టుకుని ఎలక్ట్రాన్లు తిరిగితే, అదే తెరిచి ఉన్న గొలుసు కంటే నష్టపోవాలి. సైక్లోప్రొపినైల్ కాటయాన్‌కు ఇదే లెక్క వేస్తే వలయానికి 4 బీటా, గొలుసు అల్లైల్ కాటయాన్‌కు 2.83. అదే త్రిభుజానికి మరో రెండు పిక్కలు వేస్తే ఆనయాన్ అవుతుంది. ఆ రెండూ కేంద్రం పైనున్న మెట్టెక్కి మొత్తం 2 బీటాకు పడిపోతుంది, గొలుసుకు 2.83 అలాగే ఉంటుంది. ప్లాస్టిక్ మారలేదు, ఒత్తిడి మారలేదు, పిక్కలు రెండే మారాయి.

చతురస్రంలో ఒంటరిగా మిగిలిన రెండు ఎలక్ట్రాన్లను చూస్తే ఆ అణువు దీర్ఘచతురస్రం ఎందుకవుతుందో కూడా ఇదే పెట్టెలో కనిపిస్తుంది. ఒకటి-రెండు, మూడు-నాలుగు జతల రంగులు కలిసిన ఆర్బిటాల్‌ను మళ్లీ కట్టండి. రంగులు కలిసిన రెండు పక్కలను చేత్తో కొంచెం దగ్గరికి నొక్కి, కలవని రెండింటినీ దూరం జరపండి. కలిసేవి దగ్గరయ్యాయి, కలవనివి దూరమయ్యాయి, ఆ ఆర్బిటాల్ శక్తి తగ్గుతుంది. రెండో ఆర్బిటాల్‌కు అదే కదలిక సరిగ్గా నష్టం. కేంద్రం గీత మీద సమానంగా ఉన్న రెండు మెట్లలో ఒకటి దిగి ఒకటి ఎక్కింది. రెండు పిక్కలూ దిగిన మెట్టు మీదికి జతగా చేరతాయి. వంగే లింకులు వాడమన్నది ఇందుకు కూడా, గట్టి లింకులైతే ఈ కదలిక చూపించలేరు.

పెట్టె కొలతలు మాత్రం ఇక్కడ సరిపోవు. లెక్కల్లో వచ్చే బంధాల పొడవులు సుమారు 1.34, 1.57 ఆంగ్‌స్ట్రాములు, పెట్టెలో అన్ని లింకులూ ఒకటే పొడవు. దీనికి ఖర్చు లేని మందు ఉంది. మందపాటి థర్మోకోల్ షీటు మీద 13.4 సెంటీమీటర్లు, 15.7 సెంటీమీటర్ల పక్కలతో ఒక దీర్ఘచతురస్రం గీసి మూలల్లో గుండుసూదులు గుచ్చండి. పొట్టి పక్కకు ఎర్ర దారం రెండు వరసలు, పొడుగు పక్కకు ఒక వరస. దాని మీదే అడ్డాన్నీ నిలువునూ మార్చి రెండో దీర్ఘచతురస్రం గీయండి. ఒకటి, రెండు మూలల్లో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పేరుతో రెండు రంగు సూదులు పెడితే, ఒక బొమ్మలో ఆ రెండింటి మధ్య జంట బంధం, రెండో బొమ్మలో ఒంటి బంధం. ఇవి బెంజీన్‌కు గీసే అనునాద రూపాల్లాంటివి కావు, రెండు వేర్వేరు ఐసోమర్లు. పరీక్ష పేపర్లలో రెండు తలల బాణం గీసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఎనిమిది కార్బన్ల వలయం, అంటే సైక్లోఆక్టాటెట్రయీన్ దగ్గర ఆర్బిటాల్ పెట్టె నిజంగా మెరుస్తుంది, అక్కడే దాని పెద్ద లోపమూ బయటపడుతుంది. మెరుపు ముందు చెబుతాం. ఐదు రంధ్రాల కార్బన్లు ఎనిమిది, హైడ్రోజన్లు ఎనిమిది, ఒంటి బంధాలకు గట్టి లింకులు, జంట బంధాలు మెలితిరగకుండా ఉండాలి కాబట్టి ఆ నాలుగింటికి పెట్టెలో ఉండే పళ్ల లింకులు. పళ్ల లింకు రెండు బంతుల్నీ ఒకే తలంలో బిగిస్తుంది. వలయం మూసి చేతిలోంచి వదిలేయండి. అది తనంతట తానే ముడుచుకుంటుంది. బల్ల మీద పెడితే ఎదురెదురు జంట బంధాలు రెండు కింద ఆనుకుంటాయి, మిగిలిన రెండూ గుర్రపు జీను అంచుల్లా పైకి లేస్తాయి. పుస్తకాల్లో టబ్ అని రాసేది ఈ రూపాన్నే. ఇప్పుడు లోబులు గుచ్చి ఒంటి బంధం వెంట ఒక కన్ను మూసి చూడండి: పక్కపక్క లోబులు 55 డిగ్రీల పైచిలుకు తిరిగి ఉంటాయి. జంట బంధం వెంట చూస్తే సమాంతరం. ఎలక్ట్రాన్లు చుట్టూ తిరగడానికి దారే లేదు. అందుకే ఇది యాంటీ ఆరోమాటిక్ కాదు, ఆరోమాటిక్కూ కాదు, మామూలు పాలీయీన్. 1911లో విల్‌స్టాటర్ తయారుచేసినప్పటి నుంచీ ఇది పసుపు రంగు ద్రవం, 142 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, సీసాలో నిలుస్తుంది. ఎనిమిది పై ఎలక్ట్రాన్లు కనపడగానే యాంటీ ఆరోమాటిక్ అని రాసే అలవాటుంది, పెట్టెతో వచ్చిన పుస్తకంలోనూ ఈ తప్పు ఉంది. దాన్ని పెన్నుతో కొట్టేసి పిల్లలకు ఇవ్వండి.

అరచేత్తో మోడల్‌ను బల్ల మీద అదిమితే చదునవుతుంది. కోణం 135 డిగ్రీలకు సాగుతుంది, చెయ్యి తీస్తే మళ్లీ ముడుచుకుంటుంది. అదిమి పట్టుకునే అష్టభుజి చార్టు మీద ఎనిమిది పిక్కలు వేయించండి. కింద రెండు, తర్వాతి మెట్టు మీద నాలుగు, కేంద్రం గీత మీద చెరొకటి. చతురస్రం కథే మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఇంకో రెండు పిక్కలు కేంద్రం గీత మీద వేయండి, అంతా నిండిపోయి పది అయ్యాయి. పొటాషియం నుంచి రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని ఈ అణువు డయానయాన్ అయినప్పుడు నిజంగానే చదునవుతుంది. 135 డిగ్రీల ఒత్తిడి అప్పుడూ ఉంది, రెండు రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, అయినా చదును. 1968లో స్ట్రైట్‌వీజర్, మ్యూలర్-వెస్టర్‌హాఫ్ యురేనియంను ఇలాంటి రెండు చదును వలయాల మధ్య పెట్టి యురనోసీన్ తయారుచేశారు. ఎలక్ట్రాన్ల లెక్క సరిపడితే ఒత్తిడిని కూడా ఓర్చుకుంటాయని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ప్లాస్టిక్ ఎప్పుడూ జీనులాగే కూర్చుంటుంది, అందుకే డయానయాన్ కోసం మోడల్‌ను నాలుగు మూలలా బ్లూటాక్‌తో బల్లకు అంటించాలి.

లోపం ఏమిటంటే, పెట్టెలో లోబులు పన్నెండే ఇచ్చారు. అంటే ఆరు పి ఆర్బిటాళ్లు. బెంజీన్‌కు సరిగ్గా సరిపోతాయి. ఎనిమిది వలయానికి పదహారు కావాలి, నాలుగు తక్కువ. తయారుచేసినవాళ్లు బెంజీన్‌ను మాత్రమే దృష్టిలో పెట్టుకున్నట్టుంది. విడి లోబు 12 రూపాయలు. ట్రోపిలియానికీ ఇవి సరిపోవు, దానికి పద్నాలుగు కావాలి. కొనేటప్పుడే రెండు ఎర్రవి, రెండు నీలంవి విడిగా అడిగి తీసుకోండి. దుకాణంలో విడి లోబులు డబ్బాలో కలిపి ఉంటాయి. మెడ దగ్గర సన్నగా ఉన్నవి వదిలేసి దళసరివి ఏరుకోండి, విరిగేది అక్కడే.

ఐదు కార్బన్ల వలయం పెట్టెకు చిటికెలో పని. పంచభుజి కోణం 108, వంచాల్సింది 12 డిగ్రీలే. అంత నున్నగా కూర్చుంటుంది కాబట్టే మోసం ఎక్కువ. కాటయాన్, రాడికల్, ఆనయాన్ మూడింటికీ ప్లాస్టిక్ మోడల్ ఒక్కటే: అవే ఐదు బంతులు, అవే పది లోబులు. నిజంలో తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. సైక్లోపెంటాడయీన్ పీకేఏ (ప్రోటాన్‌ను ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పే అంకె, తక్కువైతే తేలిక) దాదాపు 16, నీళ్లకు దగ్గర. హైడ్రోకార్బన్ అయ్యుండి ప్రోటాన్‌ను అంత తేలిగ్గా వదిలేస్తుంది, ఆరు ఎలక్ట్రాన్ల ఆనయాన్ కోసం. అదే కాటయాన్ కావాలంటే 5-అయొడోసైక్లోపెంటాడయీన్‌ను ప్రొపియానిక్ ఆమ్లంలో సిల్వర్ పెర్‌క్లోరేట్‌తో కలిపినా అయొడిన్ కదలదు. జంట బంధాలు లేని అయొడోసైక్లోపెంటేన్ మాత్రం అదే ద్రావణంలో చకచకా చర్య జరుపుతుంది. మామూలుగా జంట బంధం పక్కనుంటే కాటయాన్‌కు బలం రావాలి. ఇక్కడ రెండు వైపులా ఉన్న జంట బంధాలే దాన్ని అడ్డుకున్నాయి. పంచభుజి చార్టు మీద నాలుగు పిక్కలు వేస్తే కారణం కనపడుతుంది: కింద రెండు, 3.1 దగ్గర చెరొకటి. 5.24 బీటా వస్తుంది, తెరిచిన పెంటాడైయినైల్ కాటయాన్‌కు 5.46. ఈ వలయం దగ్గర లోబులకంటే చార్టే ఎక్కువ పని చేస్తుంది. సమయం తక్కువుంటే లోబులు గుచ్చకుండా నేరుగా చార్టుకు వెళ్లండి.

సైక్లోబ్యూటాడయీన్ ఎందుకు దొరకదో కూడా ఆర్బిటాల్ పెట్టెతో కట్టి చూపవచ్చు. అది విరిగిపోయి పోయేది కాదు, తనలాంటి ఇంకొకటి తగలగానే దానితో కలిసిపోతుంది. కట్టడానికి రెండు నాలుగు వలయాలు కావాలి, అంటే కార్బన్లు ఎనిమిది. ఒకదాన్ని డయీన్‌గా (రెండు జంట బంధాలతో చర్య జరిపేది), రెండోదాన్ని డయీనోఫైల్‌గా (ఒక్క జంట బంధంతో దానికి అతుక్కునేది) ఎదురెదురు పెట్టండి. డయీన్‌లో జంట బంధాలు రెండూ తీసి, వాటి మధ్యనున్న ఒంటి బంధం దగ్గర ఒకటి పెట్టండి. డయీనోఫైల్‌లో ఒక జంట బంధం తీసేయండి. కొత్త బంధాలు పెట్టాల్సిన నాలుగు చోట్లా ఐదు రంధ్రాల బంతి తీసి నాలుగు రంధ్రాలది మార్చాలి, ఇది మరిచిపోతే హైడ్రోజన్‌కు చోటు మిగలదు. కలిపాక మూడు నాలుగు-వలయాలు వరసగా అతుక్కుని ఉంటాయి, మధ్యది జంట బంధం లేనిది, అటూ ఇటూ రెక్కల్లో ఒక్కొక్క జంట బంధం. నిజంగా వచ్చేది రెక్కలు రెండూ ఒకే వైపు వంగిన సిన్ రూపమే ఎక్కువగా, అలాగే కట్టండి. కోణాల ఒత్తిడి ఈ మోడల్‌లో ఏమీ తగ్గలేదు, మూడు వలయాల్లోనూ లింకులు వంగే ఉన్నాయి. అయినా అణువు ఇటే పరిగెడుతుంది, ఎందుకంటే నాలుగు పై ఎలక్ట్రాన్లున్న వలయం ఇక్కడ ఒక్కటీ లేదు.

దీన్ని ఆపడానికి రసాయన శాస్త్రవేత్తలు పడిన పాట్లు చెబితే మోడల్‌కు ప్రాణం వస్తుంది. 1965లో పెటిట్ బృందం ఐరన్ ట్రైకార్బొనిల్‌కు కట్టేసి దాన్ని నిలబెట్టింది. సిరిక్ అమోనియం నైట్రేట్‌తో ఇనుమును ఆక్సీకరణం చేసి విడిపించగానే పక్కనున్న డయీనోఫైల్‌తో కలిసిపోయేది. 1978లో మాయర్ నాలుగు మూలలా టెర్షియరీ బ్యూటైల్ గుంపులు పెట్టి ఒకదాని దగ్గరికి ఇంకొకటి రాకుండా చేశాడు. 1991లో క్రామ్ ఒక్కో అణువును ఒక్కో పంజరం లాంటి పెద్ద అణువు లోపల బంధించి, మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఎన్‌ఎంఆర్ వర్ణపటం తీసుకున్నాడు. మాయర్, క్రామ్ ఉపాయాలు రెండూ చేసింది ఒకటే పని, రెండోదాన్ని దగ్గరికి రానివ్వకపోవడం. టెర్షియరీ బ్యూటైల్ మోడల్‌ను కూడా ఆర్బిటాల్ పెట్టెతో కట్టాలనుకుంటే వద్దు. నాలుగు గుంపులకే పదహారు కార్బన్లు కావాలి, పెట్టెలో నాలుగు రంధ్రాలవి పన్నెండే ఉన్నాయి. ఒక మూల మాత్రం కట్టి చూపిస్తే చాలు.

మన్నిక సంగతి. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు ఎండకు బండి డిక్కీలో పెట్టె వదిలితే వంగే లింకులు ఉన్న వంపులోనే బిగుసుకుపోతాయి, మళ్లీ నిటారుగా రావు. వలయాలు కట్టి అలాగే అల్మారాలో వదిలేయడం కూడా తప్పే. తరగతి అయిపోగానే నాలుగు వలయాన్ని విప్పేయాలి. లింకు రంధ్రంలో బిగుసుకుంటే కొబ్బరినూనె రాయొద్దు, తర్వాత ఏ లింకూ నిలవదు. గోరువెచ్చటి సబ్బు నీళ్లలో ఐదు నిమిషాలు నానేస్తే వస్తుంది. ల్యాబ్ బల్ల మీద అసిటోన్ చుక్క తగిలిన బంతి తెల్లబారి జిగటగా అవుతుంది, దాన్ని పక్కన పెట్టేయడం మేలు. లోబుల రంగు మాత్రం గట్టిది, తుడిస్తే పోలేదు.

దుకాణం సేవ బాగుంది. విడి లింకులు, విడి బంతులు లెక్కపెట్టి ఇస్తారు, బిల్లు అడగకుండానే రాస్తారు, కాలేజీ పేరు మీద కొటేషన్ కావాలంటే అదే రోజు ఇస్తారు. పెట్టె తెరిచి లెక్క చూసుకోనిస్తారు కాబట్టి లోబులు, పళ్ల లింకులు అక్కడే లెక్కపెట్టుకోండి. ఒంగోలు, కావలి కాలేజీలకు ఆర్టీసీ కార్గోలో పంపమంటే పంపుతారు, అయితే పెట్టె మూతకు గట్టి తాడు కట్టమని ముందే చెప్పాలి. ప్లాస్టిక్ మూత చిన్న కుదుపుకే తెరుచుకుంటుంది. ఆర్బిటాల్ పెట్టె ఒకటి, విడి లోబులు నాలుగు, వంగే లింకులు అదనంగా ఆరు తీసుకుంటే ఎనిమిది కార్బన్ల వరకూ ఏ వలయానికీ కొరత రాదు. నలభై మంది ఉన్న తరగతికి అలాంటి పెట్టె ఒకటి, చిన్న పెట్టెలు రెండు, పది మందికొక చార్టు చొప్పున నాలుగు చార్టులు చాలు.